కాపలా కాసే ధ్యాస: విశ్రాంత బస్సు డ్రైవరుతో ఇంటి పనుల్లో ఎరుక సాధన, ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళంలో నా దగ్గరికి కౌన్సెలింగ్ కోసం వచ్చేవారిలో చాలామంది నేరుగా రారు. ముందు గుండె డాక్టరుకు చూపించుకుని, ఈసీజీ, ఎకో పరీక్షలు మామూలుగానే ఉన్నాయని తేలినా బాధ తగ్గక, ఆ డాక్టరే రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తారు. ఈ కేసులోని పెద్దాయన కూడా అలా వచ్చినవారే. వయసు అరవై దాటింది. ఆర్టీసీలో మూడు దశాబ్దాలకు పైగా బస్సు నడిపి రిటైరయ్యారు. కొడుకు ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటాడు. కూతురిది ఈ ఊరే కావడం వల్ల ఆరేళ్ల మనవడు బడి వదిలాక సాయంత్రం దాకా తాతగారింట్లోనే ఉంటాడు. ఈ వివరాలు రాయడానికి ఆయనా, ఆయన భార్యా అంగీకరించారు. ఎవరన్నది పోల్చుకునే అవకాశమున్న సంగతులను మార్చాను.

ఆయన చెప్పిన బాధలు మూడు: ఛాతీలో బిగువు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, చిన్న విషయానికే కోపం. భార్య చెప్పినవి వేరు. అన్నం తింటున్నంత సేపూ చూపు టీవీ మీదే ఉంటుందని, తాను చెప్పిన మాట చెవికెక్కదని, పడుకునే ముందు గ్యాస్ సిలిండరు నాబ్, గేటు తాళం, నీళ్ల మోటారు స్విచ్ పదే పదే చూసి వస్తారని, మనవడు మేడమెట్లు ఎక్కుతుంటే వీధంతా వినపడేలా కేకలు వేస్తారని ఆమె వరసగా చెప్పుకొచ్చారు. వీరిది మేనరికం, ఆమె ఆయనను 'బావ' అనే పిలుస్తారు. "బావకి ఇంటి మీద ధ్యాసే లేదు బాబూ" అని ఆమె అంటే, ఆయన ఒక్కసారిగా కుర్చీలో ముందుకు జరిగి, "నాకున్నంత ధ్యాస ఎవుడికున్నాది సార్? ముప్పయ్యేళ్లు బండి తోలినాను, ఒక్క మనిషికి దెబ్బ తగల్నీలేదు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. మిగిలిన పనంతా ఆ రెండు నిజాలనూ ఒకే చోట నిలబెట్టి చూడడం చుట్టూనే నడిచింది.

అంచనా

ఆందోళనను కొలవడానికి వాడే జీఏడీ-7 ప్రశ్నావళిలో ఏడు ప్రశ్నలుంటాయి. మొత్తం 21 మార్కులు. 10 నుంచి 14 దాకా వస్తే మధ్యస్థ స్థాయి అనీ, 15 గాని అంతకు మించి గాని వస్తే తీవ్రమనీ లెక్క. ఆయనకు 14 వచ్చింది. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9లో స్వల్ప స్థాయి మాత్రమే కనిపించింది. చనిపోవాలన్న ఆలోచనలు లేవు. తాళాలు, నాబ్‌లు మళ్లీమళ్లీ చూడడం వల్ల ఓసీడీ (అదుపులేని ఆలోచనలతో చేసిందే పదే పదే చేయించే మానసిక రోగం) కావచ్చేమోనన్న అనుమానం సహజంగానే వచ్చింది. అయితే ఆ రోగంలో కనిపించే, వద్దన్నా మనసులోకి చొరబడి హింసించే ఆలోచనలు ఆయనకు లేవు. ఇన్నిసార్లే చూడాలన్న లెక్కా, పద్ధతీ లేవు. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ సంగతే మరిచిపోయేవారు కూడా.

ప్రమాదాల తాలూకు జ్ఞాపకాల గురించి కూడా అడిగాను. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తిత్లీ తుపాను తీరం దాటినప్పటి సంగతులను ఆయన వివరంగా చెప్పారు: హైవే మీద అడ్డంగా కూలిన చెట్లు, ఎక్కడివక్కడ ఆగిపోయిన బండ్లు, ఉద్దానంలో నేలకొరిగిన కొబ్బరి, జీడి తోటలు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారలేదు. ఆ రోజులు కలల్లోకి రావడం గాని, ఆ దారిని తప్పించుకుని తిరగడం గాని లేవు. కాబట్టి భయానక అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం, అంటే పీటీఎస్‌డీ, కాదని నిర్ధారించుకున్నాను. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగడం వంటివి ఉన్నాయేమో భార్యను అడిగి తెలుసుకున్నాను, లేవన్నారు. మద్యం మానేసి చాలాకాలమైంది. టీ మాత్రం రోజుకు ఆరేడు గ్లాసులు, అందులో ఒకటి రాత్రి భోజనం అయ్యాక. (నిద్ర పట్టడం లేదని వచ్చినవారిని టీ గురించి ఎవరూ అడగకుండానే నిద్రమాత్ర రాసివ్వడం మన దగ్గర మామూలైపోయింది.) బీపీకి, షుగరుకు ఏళ్లుగా మందులు వాడుతున్నారు. ఆ మందుల జోలికి నేను వెళ్లలేదు. అది ఆయన డాక్టరు పరిధి.

డ్రైవరు ధ్యాస ఎటువంటిది

బస్సు నడిపేవాడి ధ్యాసను తక్కువ అంచనా వేయకూడదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఎటు నుంచి ఏ ఆటో సిగ్నలు ఇవ్వకుండా తిరుగుతుందో తెలియదు. లోపలి రోడ్లలో కోతల కాలం వచ్చిందంటే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. సీతంపేట వైపు ఘాట్ మలుపులో ఎదురుగా వచ్చేది కనపడదు, వినపడుతుంది. ఇటువంటి దారుల్లో నడిపేవాడు అద్దాల్లోకీ రోడ్డు మీదకీ క్షణం క్షణం చూపు మారుస్తూ ఉంటాడు, కాలు బ్రేకుకు దగ్గరగా ఉంటుంది, లోపల ఒకే ఒక ప్రశ్న ఆగకుండా తిరుగుతూ ఉంటుంది: ఇప్పుడేం జరగబోతోంది? ఆ ప్రశ్నే కొన్ని లక్షలమందిని క్షేమంగా ఇల్లు చేర్చింది. రిటైరైన మర్నాటి నుంచి ఆ ప్రశ్నకు పని లేకపోయింది గాని, ప్రశ్న ఆగలేదు. రోడ్డు లేదు కాబట్టి అది ఇంట్లోనే ప్రమాదాలు వెతకడం మొదలుపెట్టింది. గ్యాస్ నాబ్ దొరికింది, మేడమెట్లు దొరికాయి, చివరికి తన ఛాతీలోని చిన్న బిగువు కూడా దొరికింది. ఒకసారి వెళ్లి చూసి వస్తే కాసేపు గుండె కుదుటపడుతుంది; ఆ ఊరట వల్లనే ఇంకోసారి చూడాలనే కోరిక బలపడుతుంది. ఆందోళన తనను తాను పోషించుకునే తీరు ఇదే.

2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఫోన్ ద్వారా ప్రజలను రోజులో అప్పుడప్పుడు పలకరించి అడిగితే, దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పనిలో లేదని తేలింది. మనసు చెదరడం కాబట్టి జబ్బు కాదు. ఈయన విషయంలో అది ఎటు చెదురుతోందన్నదే ముఖ్యం. కొందరికి అది గతంలోకీ, పగటికలల్లోకీ పోతుంది. ఈయనకు ఎప్పుడూ ఒక్క క్షణం ముందుకే పోయేది. భార్య మాట పూర్తయ్యేలోగా ఆ మాటలో రాబోయే చిక్కును వెతికి, దానికి ఒక ఆజ్ఞ జారీ చేసేవారు. ఆమె దానినే 'ధ్యాస లేకపోవడం' అన్నారు. ఇదంతా నేను వివరిస్తే ఆయన కొంతసేపు ఆలోచించి, "బండి నూట్రల్లో ఉన్నాది గానీ ఏక్సిలేటరు మీద కాలు తియ్యలేదన్నమాట" అన్నారు. నా వివరణ కన్నా అదే మెరుగ్గా ఉంది కాబట్టి తర్వాత మేమిద్దరం ఆ మాటనే వాడుకున్నాం.

పద్ధతి ఎంచుకున్న తీరు

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల కార్యక్రమం, చేస్తున్న పనిని చేస్తున్నప్పుడే గమనించే ఎరుక సాధన (మైండ్‌ఫుల్‌నెస్) రంగానికి మూలమని అందరూ చెప్పేదే. అందులో రోజూ ముప్పావు గంట పాటు కూర్చునో, పడుకునో చేసే సాధన ఉంటుంది; దానితో పాటు పళ్లు తోముకోవడం, గిన్నెలు కడగడం వంటి రోజువారీ పనుల్లో ఎరుక నిలపడం కూడా ఉంటుంది. ఈ రెండో భాగాన్ని మన దగ్గర నేర్పేవారు తరచుగా అనుబంధంగా చూసి వదిలేస్తారు. నిజానికి పాళీ బౌద్ధ గ్రంథాల్లోని సతిపట్ఠాన సుత్తంలో సంపజఞ్ఞం (స్పష్టమైన తెలివిడి) గురించిన భాగం చదివితే, ముందుకు నడవడం, వెనక్కి రావడం, చెయ్యి చాచడం, ముడవడం, తినడం, తాగడం, నమలడం, నిద్రపోవడం, మేల్కోవడం, మాట్లాడడం, మౌనంగా ఉండడం, చివరికి మలమూత్ర విసర్జన దాకా ప్రతి పనీ తెలిసి చేయాలని ఉంటుంది. కళింగపట్నం దగ్గర వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాల మధ్య నివసించిన భిక్షువులకు ఇది కొత్త విషయం కాదు. మనకే ధ్యానమంటే కళ్లు మూసుకుని కూర్చోవడమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది.

ఈ పెద్దాయనకు కూర్చుని చేసే సాధన మొదట్లో పనికిరాదని నిర్ణయించుకోవడానికి గట్టి కారణమే ఉంది. నా దగ్గరికి రాకముందే ఆయన యూట్యూబులో చూసి, కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టే ప్రయత్నం చేశారు. శ్వాసను గమనించగానే గుండె చప్పుడు వినపడింది. గుండె చప్పుడు వినపడగానే అది సరిగా కొట్టుకుంటోందా లేదా అని కాపలా మొదలైంది. పావుగంటలో చెమటలు పట్టి లేచేశారు. ఛాతీ గురించి భయపడేవారికి శ్వాస ఒక్కోసారి ప్రశాంతతను కాక భయాన్నే పెంచుతుందన్నది ఈ రంగంలో పనిచేసేవారికి అనుభవంలో ఉన్న విషయమే. అటువంటప్పుడు ధ్యాసకు ఆధారంగా అరిపాదాలనో, చేతులనో, బయటి శబ్దాలనో తీసుకోవడం మేలు.

మా ఆధారం అనుకోకుండా దొరికింది. రెండో సమావేశంలో మాట్లాడుతుండగా కింద రోడ్డు మీద ఒక లారీ గట్టిగా హారన్ కొట్టింది. ఆయన మాట ఆపలేదు, ముఖం మారలేదు; కుడికాలు మాత్రం నేలను గట్టిగా నొక్కింది. మళ్లీ హారన్ వచ్చేదాకా ఆగి, ఈసారి మీ కాలును మీరే చూడండి అన్నాను. చూసి, నవ్వేశారు. బ్రేకు వేస్తున్నారు. ఆ సమావేశంలో మిగిలిన సమయమంతా మేం చేసింది ఒకటే: శబ్దం రావడం, కాలు నొక్కుకోవడం, పిక్క కండరం బిగియడం, కాసేపటికి అది వదులు కావడం గమనించడం. నొక్కవద్దని చెప్పలేదు. నొక్కకుండా ఉండాలని ఆయన ప్రయత్నిస్తే అదీ మరొక డ్యూటీ అవుతుంది.

ఇంట్లో చేసినవి

ఆ వారం ఇచ్చిన పని అదొక్కటే. ఇంట్లో హారన్ వినపడినా, కుక్కరు విజిల్ వేసినా, మనవడు పరిగెత్తినా, ముందు కుడికాలు ఏం చేస్తోందో చూడడం, తర్వాత కావాలంటే కేక వెయ్యడం. కేక మానమని అడగలేదు. తర్వాతి వారం వచ్చి, "కాలు సూసేలోపు కేక మర్సిపోతన్నాను సార్" అని కొంచెం అసంతృప్తిగానే చెప్పారు.

భోజనం సంగతికి వస్తే, ఈ రంగంలో ఎండుద్రాక్ష ఒకటి నోట్లో వేసుకుని నింపాదిగా తినే అభ్యాసం పేరున్నదే. మేం దానికి బదులు పలాస జీడిపప్పు ఒకటి తీసుకున్నాం. వంపు, గీత, వాసన, పంటి కింద పడగానే వచ్చే కమ్మదనం, ఆ తర్వాత మెల్లగా తేలే తీపి, ఇవన్నీ ఆయన గుర్తించారు గాని, ఆ పని మీద పెద్దగా ఆసక్తి చూపలేదు. నేనూ దానిని పొడిగించలేదు. ఇంట్లో రాత్రి భోజనంలో మొదటి ఐదు ముద్దలు టీవీ లేకుండా, ముద్ద మింగాకే రెండో ముద్ద కలపాలన్న నియమం మాత్రం పెట్టుకున్నాం. ఐదు ముద్దలయ్యాక టీవీ పెట్టుకోవచ్చు. పొద్దున్న తాగే చోడి (రాగి) అంబలి విషయంలోనూ అంతే: మొదటి నాలుగు గుక్కలు గ్లాసు వేడిని అరచేతిలో గమనిస్తూ తాగడం. నెల తిరిగేసరికి రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకోవడం తగ్గిందని భార్య చెప్పారు. ఆకలి తీరిన సంగతి కడుపు చెబుతున్నా ఇన్నాళ్లూ వినపడలేదని ఆయన వ్యాఖ్య.

గ్యాస్ నాబ్ విషయంలో జాగ్రత్తగా వెళ్లాల్సి వచ్చింది. ఎరుకతో కట్టండి అని చెప్పడం తేలికే గాని, తనిఖీ అలవాటున్నవారికి అదే మరింత పకడ్బందీ తనిఖీగా మారే ప్రమాదం ఉంది. అందువల్ల నాబ్ కట్టడం గురించి ఏమీ చెప్పలేదు; కట్టాక రెండోసారి వెళ్లాలనిపించే ఆ కోరిక గురించే పనిచేశాం. వ్యసనాల చికిత్స కోసం అమెరికన్ మనస్తత్వవేత్త అలాన్ మార్లట్ రూపొందించిన పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. కోరిక పుట్టగానే దానిని అణచకుండా, దానికి లొంగకుండా, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూస్తూ, పెరిగి తగ్గే దాకా ఆగడం. ఆయనకు అది గొంతు కింద, భుజాల్లో తెలిసేది. మొదట్లో ఆగలేక లేచి వెళ్లిన రోజులే ఎక్కువ. వెళ్లినా, ఏ క్షణంలో లేచారో గుర్తుపెట్టుకుని చెబితే చాలని అనుకున్నాం. అలా చెప్పుకోవడం మొదలయ్యాక లేవడం దానంతటదే ఆలస్యమవుతూ వచ్చింది.

తెల్లవారుజాము మెలకువ వేరే సంగతి. మొదటి సర్వీసు డ్యూటీల వల్ల ఏళ్ల తరబడి ఒళ్లు ఆ వేళకే అలవాటుపడింది. నిద్ర కోసం పోరాడవద్దని, మంచాన్ని వీపు తాకుతున్న చోట్లను గమనిస్తూ ఉండమని, ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే గడియారం చూడకుండా లేచి వసారాలో కూర్చోమని, నిద్ర వస్తేనే మళ్లీ పడుకోమని చెప్పాను. రాత్రి టీ మానేశారు. ఎప్పుడైనా అర్ధరాత్రి భయం మరీ ఎక్కువైతే ఫోన్ చేయడానికి, తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ ఉచిత సేవ టెలి-మానస్ నంబరు 14416 రాసిచ్చాను. ఆయన దానిని వాడలేదు గాని, నంబరు ఉన్న చీటీని మంచం పక్కనే ఉంచుకున్నారట.

వినడం

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. సాయంత్రం ఐదు నిమిషాలు భార్య ఏదైనా చెబుతారు, ఆయన వింటారు. సలహా, హెచ్చరిక, ఆజ్ఞ ఉండకూడదు. మొదటి రోజు ఆమె పక్కింటివాళ్ల పెళ్లి గురించి చెబుతుంటే ఆయన రెండు వాక్యాలు కూడా వినకుండానే, ఆ పెళ్లికి ఏ దారిన వెళ్లాలో, ఎన్నింటికి బయల్దేరాలో చెప్పేశారు. నా ముందు కూర్చోబెట్టి అదే పని చేయించాను. ఆమె మాట్లాడుతున్నప్పుడు ఆయన నోరు తెరవబోయే ముందు గడ్డం బిగుసుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. కుడికాలు గమనించినట్టే గడ్డాన్ని గమనించమన్నాను. మూడోసారికి ఆమె ఆపకుండా మాట్లాడి, చివర్లో ఒక్కసారిగా ఆగి, తన మోకాళ్ల నొప్పి సంగతి ఏడాదిగా చెబుదామనుకుంటున్నానని అన్నారు. ఆయనకు ఆ సంగతి తెలియదు. మేడమెట్లు ఎక్కవద్దని రోజూ కేకలు వేసే మనిషికి, ఆ మెట్లు ఎక్కలేక భార్య పడుతున్న బాధ కనపడలేదు. ఆ సమావేశంలో నేను ఇంకేమీ చేయించలేదు. ఆ వారంలోనే ఆమెను ఎముకల డాక్టరుకు చూపించారు.

ఇంతలో ఊహించదగిన చిక్కే ఒకటి వచ్చింది. ఆయన ఎరుకకు కూడా ఇన్‌స్పెక్టరు అయిపోయారు. కూరగాయలు తరుగుతున్న భార్యను "ధ్యాస పెట్టి తరుగు" అనడం, హోంవర్కు చేసుకునే మనవడి పక్కన నిలబడి వాడి కాళ్లు నేలకు ఆనుతున్నాయా లేదా అని చూడడం మొదలైంది. "ఇంటికాడ కూడా బస్సే తోల్తన్నాడు బాబూ, ఇప్పుడు మా మీద టిక్కెట్ల తనిఖీ కూడా" అని ఆమె ఫిర్యాదు చేశారు. కొత్తగా సాధన మొదలుపెట్టినవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. నా ఉద్దేశంలో కుటుంబాన్ని కూడా సమావేశాలకు పిలవడానికి ఇదొక్కటే చాలిన కారణం. ఎవరి కాలు వారే చూసుకోవాలన్న నియమాన్ని ముగ్గురూ కలిసి పెట్టుకున్నారు. ఎక్కువ ఉత్సాహంగా అమలు చేసింది మనవడు. "తాతా, నీ కాలు!" అని వాడు అరవడం నియమానికి విరుద్ధమే అయినా ఎవరూ కాదనలేదు.

ఫలితాలు, పరిమితులు

దాదాపు మూడు నెలల తర్వాత జీఏడీ-7 మళ్లీ ఇస్తే 6 వచ్చింది. ఛాతీ బిగువు అప్పుడప్పుడు వస్తోంది. వచ్చినప్పుడు దాని కోసం ఆసుపత్రికి పరిగెత్తడం లేదు. అయితే చెమటతో, ఎడమచేతిలోకి పాకే నొప్పితో వస్తే మాత్రం ఎరుక అంటూ కూర్చోకుండా వెంటనే వెళ్లాలని ఆయనకూ, ఇంట్లోవారికీ విడిగా చెప్పాను. బీపీ కూడా తగ్గింది, కానీ అదే సమయంలో డాక్టరు మందు మోతాదు మార్చారు కాబట్టి దానిని ఈ సాధన ఖాతాలో వేయడం సరికాదు. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ విషయంలోనూ అంతే. తిండి తగ్గింది, టీలో చక్కెర తగ్గింది, నాగావళి ఒడ్డున పొద్దుటి నడక పెరిగింది, వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేం. ఇది ఒక్క మనిషి కథ. పోల్చి చూడడానికి మరొకరు లేరు. నాతో వారం వారం మాట్లాడడం, భార్యతో మాటలు పెరగడం కూడా తమ పని తాము చేసి ఉంటాయి. మెలకువ ఇప్పుడు నాలుగింటికి వస్తోంది. దానిని సమస్యగా చూడడం ఆయన మానేశారు. రాత్రి తనిఖీ ఒక్కసారితో ముగిసే రోజులే ఎక్కువ. తుపాను హెచ్చరిక వచ్చిన వారంలో మాత్రం పాత అలవాటు మొత్తం తిరిగివచ్చి, వాన తగ్గాక తగ్గింది.

ఇదే వరసను అందరికీ వాడవచ్చని నేను అనుకోవడం లేదు. తీవ్రమైన కుంగుబాటు, భ్రమలు, లేదా ఇంకా పచ్చిగా ఉన్న విషాదానుభవం ఉన్నవారితో ధ్యాసను లోపలికి తిప్పే పని మానసిక వైద్యుని సహకారం లేకుండా మొదలుపెట్టను. ఓసీడీ ఖాయమైన కేసుల్లో దానికంటూ ఉన్న ప్రత్యేక చికిత్సే ముందు నడవాలి. వృత్తిరీత్యా అప్రమత్తంగా ఉండి రిటైరైన పోలీసులు, నర్సులు, రైల్వే ఉద్యోగుల విషయంలో మాత్రం, ధ్యాస ఎంత ఉందన్నది కాక అది ఏ ప్రశ్న అడుగుతోందన్నది ముందు తెలుసుకోవడం ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ఒక పని ఇంకా మిగిలే ఉంది. ఆయన ప్రయాణికుడిగా బస్సు ఎక్కలేరు. ఎక్కితే డ్రైవరు వెనక సీటులో కూర్చుని దారి పొడవునా నేలను తొక్కుతూ, దిగేసరికి పిక్కలు పట్టేసి, ఆ డ్రైవరుతో ఒక మాటైనా అనకుండా దిగరు. అందువల్లే కొడుకు దగ్గరికి వెళ్లడం కూడా ఎప్పటికప్పుడు వాయిదా పడుతోంది. ఆమదాలవలస దాకా పోయి వచ్చే చిన్న ప్రయాణంతో మొదలుపెట్టాం. వెనక వరసలో, కిటికీ పక్కన, భార్యతో కలిసి కూర్చోవడం, కాలు నొక్కుకుంటే నొక్కుకోనివ్వడం. మొదటిసారి సగం దారిలో లేచి ముందుకు వెళ్లిపోయారు. తర్వాతిసారి ఆమదాలవలసలో దిగే దాకా వెనకే కూర్చున్నారు. తర్వాతి మెట్టు విశాఖపట్నం. దానిని సంక్రాంతి రద్దీ తగ్గాక పెట్టుకుందామని ఆయనే అన్నారు. ఆ రోజుల్లో బస్సులు ఎలా ఉంటాయో నాకన్నా ఆయనకే బాగా తెలుసు కాబట్టి సరేనన్నాను.